లైన్లో ఉన్న చెప్పులు

మా గల్లీ ఇస్త్రీ అన్న శుక్రవారం పొద్దున పోయాడు. ఆ కబురు నాకెవరూ మోసుకురాలేదు. నేను పక్కనే ఉన్నాను.

నాకు అక్షరాలు అంతంత మాత్రమే. నాంపల్లి స్టేషన్లో మూటలు మోసి బతికినవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

అన్న బండి మా ఇంటి ముందే ఉండేది. గల్లీలో ఎవరికి జబ్బు చేసినా సాయంత్రమే తమ పాత చెప్పు ఒకటి తెచ్చి ఆయనకిచ్చేవారు. తెల్లారగానే అన్న వాటిని సంచిలో వేసుకొని సర్కారు పెద్ద దవాఖానకు పోయి, చీటీలిచ్చే కిటికీ ముందు వరుసగా పెట్టేవాడు. చెప్పు ఉన్నచోట మనిషి ఉన్నట్టే, ఎవరూ జరపరు. కిటికీ తెరిచే వేళకు పోయి మన చెప్పు దగ్గర నిలబడితే చాలు.

"నీకన్న నీ చెప్పే హుషారున్నది తమ్మీ, పొద్దుగాల్నే వచ్చి నిలవడ్డది" అని నన్నెన్నిసార్లు ఎగతాళి చేశాడో.

అబిడ్స్‌లో అద్దాల ప్రైవేటు దవాఖాన తెరిచాక గల్లీ సగం అటు మళ్లింది. అన్నది మాత్రం ఒకటే మాట: "పెద్ద దవాఖానల ఆలస్యమైతది గని ఎల్లగొట్టరు."

ఆ సోమవారం ఆయనకే ఊపిరాడలేదు. ఆటో ఎక్కించాం. ఎటు పోవాలని డ్రైవర్ అడిగాడు. వదిన నా ముఖం చూసింది.

"పెద్ద దవాఖానకే పోనీ" అన్నాడు అన్న.

"మంచం దొరక్క నేల మీద పంటవా? నేను బతికుండంగ గట్ల కానియ్య. అబిడ్స్ పోనీ" అన్నాను.

"ఎప్పటిసంది నవాబువైనవ్ తమ్మీ?" నవ్వబోయి దగ్గాడు.

అద్దాల తలుపు దగ్గర చెప్పులు విప్పమన్నారు. విప్పాడు. లోపల చల్లగా ఉంది. నన్ను 'సార్' అన్నారు. ఆ ఒక్క మాటకే పొంగిపోయాను. మూడు రోజులు రక్తం తీశారు, ఫోటోలు తీశారు. గురువారం వచ్చి, "ఊపిరి మిషన్ మా దగ్గర ఖాళీ లేదు, పెద్ద దవాఖానకు తీస్కపోండి" అని వెనక తలుపు నుంచి అంబులెన్స్ ఎక్కించారు.

పెద్ద దవాఖానలో మంచం లేదు. నా మనవరాలి ఈడు డాక్టరమ్మ నేల మీద మోకాళ్లూని ఆయన్ని చూసింది.

"మొదటి దినమే తేవాల్సింది కద తాతా."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఏ నేల మీద పండనివ్వనన్నానో, అన్న ఆ నేల మీదే పోయాడు.

ఇప్పుడు మా చెప్పులు పెద్ద దవాఖానకు తీసుకుపోయే మనిషి లేడు.

నిన్న ఆ అద్దాల దవాఖాన ముందు నుంచి పోయాను. మెట్ల పక్కన అన్న చెప్పులు అట్లాగే ఉన్నాయి, తలుపు వైపు తిరిగి. వాచ్‌మన్ చీపురుతో నెట్టబోయాడు. నన్ను చూసి ఆగాడు.

"ఇవి నీవేనా తాతా?"

"నావి కావు. లైన్ల ఉన్నయి, జరపకు" అన్నాను.

అతను చీపురు పక్కన పెట్టాడు. లోపలికి పోయేవాళ్లు వాటిని దాటుకుంటూ పోతున్నారు.