రెబెకమ్మ చాపిన వేళ్లు

వంకరగా ఉన్నదాన్ని చూస్తే రెబెకమ్మ చేతులు ఊరుకునేవి కావు. ఉదయగిరి హాస్టల్లో ఇరవై ఏళ్లు వంట చేసినప్పుడూ అంతే, పిల్లలు కూర్చోకముందే చాపలన్నీ తిన్నగా లాగి సర్దేది. మర్రిపాడు దాటాక లారీ బోల్తాపడి, అందులో ఉన్న కొడుకు జోయల్‌కు మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. మణికట్టు లేచేది గానీ వేళ్లు సగం ముడుచుకుని ఉండిపోయాయి. రోజూ పొద్దున ప్రార్థన కాగానే నువ్వుల నూనె రాసి, అతని అరచేతిని వెనక్కి వంచి, ఒక్కో వేలూ చాపి అదిమిపట్టేది. మూడు నెలలకు అవి చక్కగా సాగాయి.

అది చూపించాలని సంబరంగా ఆత్మకూరుకు తీసుకెళ్లింది. స్పూనుతో తనే అన్నం తినగలడని అక్కడి ఫిజియోథెరపిస్టు రేణుకాదేవి పోయినసారి ఆశ పెట్టింది.

రేణుకాదేవి బల్లమీద చెక్కముక్క, తాళంచెవి, స్పూను పెట్టింది. జోయల్ మణికట్టు ఎత్తాడు. పోయినసారి పైకొచ్చిన చెక్కముక్క వేళ్ల సందున జారిపోయింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ జారింది. రేణుకాదేవి పాత మార్కు పక్కన అంతకన్నా తక్కువ మార్కు వేసింది.

"వేళ్లు ఎవరు సాగదీస్తా ఉండారు?"

"నేనే మేడం. ఒక్కరోజు తప్పలేదు."

"ఎవరు చెప్పినారమ్మా?"

"ఒకరు చెప్పాల్నా? ముడుచుకున్న వేళ్లు చాపక ఏం చేస్తారు?"

"మణికట్టు లేస్తే లోపల కండరాన్ని ఎముకకు కట్టే తాడు బిగిసి, వేళ్లు మూసుకోవాల. ఇతని వేళ్లకు సొంత బలం లేదు, పట్టంతా అదే. మణికట్టూ వేళ్లూ కలిపి వెనక్కి లాగితే ఆ తాడు వదులైపోద్ది."

"తిన్నగా ఉండే వేళ్లకంటే వంకరవే మేలా?"

"ఇతనికి అంతేనమ్మా."

"అయితే నేనే చెడగొట్టినానా?"

"కొంత తిరిగొస్తాది. ఎంతని ఇప్పుడు చెప్పలేను."

"హాస్టల్ చపాతీ పిండి అనుకున్నావు గదమ్మా," అని జోయల్ నవ్వాడు.

రెబెకమ్మ నవ్వలేదు. తాను చేసింది సేవో కీడో ఆమెకు తేలలేదు. రేణుకాదేవి అతని వేళ్లను మడిచి టేపు వేసి, సాయంత్రందాకా విప్పొద్దంది.

తిరుగుదారిలో ఆటో కుదుపులకు ఆ పిడికిలి ఆమె మోకాలికి తగులుతూ వచ్చింది. ఆమె చెయ్యి తెలియకుండానే టేపు మీదికి పోయింది.

"ముట్టుకోబాకమ్మా," అన్నాడు జోయల్.

ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.