మార్కర్ ఎదుటివాళ్లకిమ్మన్న వసుంధరక్క

నిన్న పొద్దున మీటింగ్ మధ్యలో ఫోన్. వసుంధరక్క పోయిందన్నారు.

ఏ వసుంధరక్క అని అడిగాను. నాకు తెలిసింది ఒక్క వసుంధరక్కే అయినా.

గుండెపోటట. హాస్పిటల్‌కి తీసుకెళ్లేలోపే అయిపోయిందట.

అక్క తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అప్పట్లో తిరుపతిలో ఒక చిన్న మేడగదిలో మాలాంటి కన్సల్టెంట్లకు ట్రైనింగ్ ఇచ్చేది. సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లనీ రాసేవాళ్లనీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, అందరిచేతా కలిపి డిజైన్ గీయించడం ఎలాగో నేర్పేది.

మేమేమో కన్సల్టెంట్ అంటే మాట్లాడేవాడే అనుకునేవాళ్లం.

ఒకసారి ప్రాక్టీస్‌కని నగరి తీసుకెళ్లింది. పవర్‌లూమ్స్ నడిపే అన్నదమ్ములు. అన్న మగ్గాలు చూస్తాడు, తమ్ముడు మద్రాసు నుంచి ఆర్డర్లు తెస్తాడు. ఆర్డర్లకి సాఫ్ట్‌వేర్ కావాలన్నారు.

చిక్కేమిటంటే, ఇద్దరికీ మాటల్లేవు. సరుకు లేటవుతోంది, కొనే పార్టీలు జారిపోతున్నాయి, ఇక విడిపోదామనే దాకా వచ్చింది.

విడివిడిగా అడిగి రాసుకుందామన్నాను. అక్క ఒప్పుకోలేదు. గోడకి ఒకే చార్ట్ అంటించి, ఆర్డర్ వచ్చాక పని ఎలా నడుస్తుందో గీయమని ఇద్దరి మధ్యా ఒక మార్కర్ పెట్టింది.

చాలాసేపు ఇద్దరూ నాతోనే మాట్లాడారు. ఆయనకి చెప్పు, వాడికి చెప్పు అని. నేను అటూ ఇటూ మాటలు మోస్తుంటే అక్క నన్ను పక్కన కూర్చోబెట్టి, నోరు తెరవద్దంది.

ఇద్దరూ మార్కర్ వంకే చూస్తూ కూర్చున్నారు.

చివరికి తమ్ముడు లేచి, చార్ట్ మీద ఆర్డర్ నుంచి నేరుగా మగ్గానికి గీత గీశాడు.

అన్న చూస్తూ ఊరుకోలేకపోయాడు.

"రంగేసిన నూలు ఆరద్దారా? వానొస్తే ఆడనే ఉంటాది. నువ్వేమో పార్టీకి తేదీ ఇచ్చేసి వస్తావు."

తమ్ముడు అటు తిరగలేదు.

"నువ్వు నాతో మాట్లాడింటే కదన్నా నాకు తెలిసేది."

అన్న లేచి మార్కర్ తీసుకుని, ఆ గీత మధ్యలో నూలు ఆరడానికి ఇంకో గడి గీశాడు. సాయంత్రం దాకా ఇద్దరూ గోడ దగ్గరే ఉన్నారు.

ఆ సాఫ్ట్‌వేర్ మేమే చేశాం. వాళ్లు విడిపోలేదు.

తిరుగు బస్సులో అడిగాను, నన్నెందుకు ఆపావక్కా అని.

"మనం మాట్లాడితే వాళ్లు మనకి సెప్తారప్పా. మనం ఊరకుంటే ఒకరికొకరు సెప్పుకుంటారు."

ఇప్పుడు నేనూ జూనియర్లకి నేర్పిస్తున్నాను. నోరు అదుపులో పెట్టుకోవడం మాత్రం ఇప్పటికీ కష్టమే.

నిన్న సాయంత్రం మా బ్యాచ్ అంతా అక్క ఇంటికి వెళ్లాం. ఆమె మీకు ఏం నేర్పేదో నాకెప్పుడూ సరిగా అర్థం కాలేదు, చెప్తారా అని బావ అడిగారు. ఒక్కొక్కరం చెప్పుకుంటూ పోయాం. బావ వింటూ కూర్చున్నారు.

ఎంతమంది మాటలో విన్నావు. ఇక హాయిగా విశ్రాంతి తీసుకో అక్కా.