పటం ముందు పెట్టాలనుకున్న రిపోర్టు

ఏళ్ల తరబడి ఛాతీలో వచ్చే మంట, శనివారం ఒక్కపొద్దుల వల్లేననుకున్నాను. చివరికి తిరుపతిలో గొట్టం వేసి చూసి, అన్నవాహికలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు చేతికొచ్చిన రోజు, కేన్సరని ఉంటుందేమోనన్న భయంతో డాక్టరుకు చూపించకుండానే బస్టాండుకొచ్చి చిత్తూరు బస్సెక్కాను. ముందు ఇంట్లో స్వామి పటం ముందు పెట్టి, తర్వాత చూపిద్దామని.

పక్కసీటులో ఒకామె కూర్చుంది. నగరిలో మగ్గం నేస్తుందట, కూతురింటికి వెళుతోంది.

“ఏం మా, ఆ కవరును సంటిబిడ్డ మాదిరి పట్టుకోని ఉండావే?”

సంగతి చెప్పాను. ఆమె నవ్వింది.

“నాదీ ఇదే మంట, నేనూ ఇదే పని చేసినా. మూణ్ణెల్లు పటం ఎనకాలే పెట్టినా. సామి దాన్ని సదివి మందు రాస్తాడా ఏంది? ఆ మూణ్ణెల్లూ నిద్దర లేక సచ్చినా. తీరా సూస్తే మందులకు లొంగేదే. బస్సు ఇంకా కదల్లేదు, దిగు మా!”

నేను లేవకపోతే, నా సంచి తీసుకుని తనే ముందు దిగింది. ఆమె వెనకే నేనూ దిగాను. సంచి నా భుజానికి తగిలించి, మళ్లీ బస్సెక్కి కూర్చుంది.

డాక్టరు రిపోర్టు చదివారు. “కడుపులో పులుపు పైకి తన్ని అన్నవాహిక లోపలి పొర మారిందమ్మా. కేన్సరు కాదు. వదిలేస్తే ఎప్పటికైనా కావచ్చు. మందులు వాడుతూ, చెప్పినప్పుడల్లా వచ్చి గొట్టం వేయించుకోండి, చాలు.”

అక్కడే కూర్చుని ఏడ్చాను, బరువు దిగి.

ఇప్పుడు గుడిలో అర్చనకు ఇంట్లో వాళ్ల పేర్లన్నీ చెప్పాక, “నగరి అక్క” అని కూడా అంటాను.

“అదేం పేరమ్మా? గోత్రం?” అంటారు పూజారి.

“తెలీదు సామీ. బస్సులో నా పక్కన కూర్చున్నామె.”