కలశం ముందు అమెరికా డాలరు

మా చిన్నప్పుడు... శ్రావణ శుక్రవారం పొద్దున గల్ఫ్‌లో, రువైస్‌లోని మా కంపెనీ క్వార్టర్స్‌లో అమ్మ పూర్ణం బూరెలు వేస్తోంది. నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నారు. విజిట్ వీసా మీద వచ్చిన నానమ్మ హాల్లో కలశం పెట్టి వరలక్ష్మీ వ్రతం మొదలుపెట్టేసింది.

కలశం ముందు, బియ్యంలో ఒక వెండి డాలరు... పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. చూడగానే నా గుండె గుభేలుమంది.

అమెరికా వాళ్ళు ముఖ్యమైన సందర్భాల గుర్తుగా ప్రత్యేకంగా ముద్రించే నాణేలంటే మా నాన్నకి ప్రాణం. ఆ నాణేల తర్వాతే మేమందరం... అద్దంలా మెరిసే ఆ డాలర్లు ప్లాస్టిక్ డబ్బీల్లో ఉండేవి. వేలిముద్ర పడినా పాడైపోతాయని ఆయనే గ్లౌజులు తొడుక్కుని అంచులు పట్టుకుని చూసేవారు. ఇక తోమడమా... ఆ మాట మా ఇంట్లో ఎత్తకూడదు.

పైగా ఆ రోజే రెండు గంటల దూరంలోని ముసఫ్ఫా నుంచి నాన్న స్నేహితుడు యాదగిరి అంకుల్ వస్తున్నారు. ఆయనకీ ఇదే పిచ్చి. నాన్న ఎన్నాళ్ళుగానో కలవరిస్తున్న, గిన్నెలా వంపు తిరిగిన బేస్‌బాల్ డాలరు ఆయన దగ్గర రెండు ఉన్నాయి. ఒకటి ఇస్తారు, బదులుగా మా స్వేచ్ఛా ప్రతిమ (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ) డాలరు కావాలి, మచ్చ లేకుండా... ఇప్పుడు కలశం ముందున్నది అదే. ఆ వారంలోనే ఆయన ఉద్యోగం వదిలేసి కరీంనగర్ వెళ్ళిపోతున్నారు. ఈ రోజు తప్పితే మళ్ళీ దొరకదు.

అమ్మ చిల్లుల గరిటె చేత్తో పట్టుకునే వచ్చి నిలబడిపోయింది. "అత్తయ్యగారూ, ఆ డాలరు..."

"ఆడి పెట్టెలోదేనే అమ్మాయ్. తెల్లోళ్ళు అమ్మోర్ని ఎంత బాగా చేశారో చూడు, చేతిలో దీపం కూడా ఉంది. పూజకి పెట్టేముందు చింతపండెట్టి తోమాను" అంది నానమ్మ, ఎంతో మురిసిపోతూ.

పూజ మధ్యలో దేన్నీ కదపకూడదు. అమ్మ నాన్నని లేపుదామని పడగ్గది తలుపు దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చేసింది. స్టవ్ మీద బూరెలు మాడాయి.

హారతి అవుతుండగానే బెల్ మోగింది... అంకుల్.

నాన్న లేచి, మొహం కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని అల్మారాలోంచి పెట్టె దించారు. డబ్బీ ఖాళీ. ఇంకోటి తెరిచారు, ఇంకోటి...

"దానికోసమేనా? ఇదిగోరా" అంటూ నానమ్మ కలశం ముందు నుంచి తీసి అందించింది.

నాన్న గ్లౌజులు తీసేసి, ఉత్త చేత్తో అందుకున్నారు. అద్దంలాంటి మెరుపు పోయింది. అమ్మవారి మొహం మీదంతా గీతలు.

"అరె అన్నా, గిదేంది..." అని అంకుల్ మొదలుపెట్టేసరికి నాన్న ఆయన మోకాలి మీద చెయ్యి వేశారు.

నానమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "పాడైపోయిందేంట్రా?" అని అడిగింది.

"లేదమ్మా. నేనే చాన్నాళ్ళ నుంచి తోమిద్దామనుకుంటున్నా, కుదరలేదు" అన్నారు నాన్న.

అంకుల్ తలొంచుకుని బూరెలు తిన్నారు. మాడినవే, అయినా రెండోసారి వడ్డించుకున్నారు. జేబులోంచి బేస్‌బాల్ డాలరు తియ్యకుండానే వెళ్ళిపోయారు. నాన్న కారు దాకా వెళ్ళి, చాలాసేపటికి గానీ లోపలికి రాలేదు. నానమ్మ మాత్రం ఊరెళ్ళాక, అమెరికా అమ్మవారికి వన్నె తెచ్చింది తనేనని పోయేదాకా అందరికీ చెప్పుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఏ మాటైనా ఠక్కున అనేస్తాం, ఫ్యామిలీ గ్రూపులో సారీ కూడా అంతే ఠక్కున పెట్టేస్తాం... నాన్న మాత్రం ఆ రోజు అనాల్సిన మాట ఇప్పటికీ అనలేదు. మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా ఒక మాట మింగేశారా... చెప్పండి, వినాలనుంది.