అరటిపండు లేని ఆట

రాజరాజేశ్వరి టీచర్‌కి యాభై నాలుగేళ్లు. రోజూ చందర్లపాడు నుంచి బస్సులో నందిగామలోని మా ప్రైమరీ స్కూలుకి వస్తారు. పిల్లల్ని పల్లెత్తు మాట అనరు, హెడ్‌మాస్టరునైన నాతో మాత్రం పోట్లాడతారు. ఆటల పీరియడ్‌లో లెక్కలు చెప్పమని ఎన్నిసార్లు అన్నా చెవినబెట్టిన పాపాన పోలేదు.

మొన్న జూలైలో డాక్టరుగారు స్కూలుకొచ్చి పిల్లల బరువులు చూశారు. మూడో తరగతి సంహిత నలభై నాలుగు కేజీలు తూగింది. "మందులేం అక్కర్లేదండి. రోజూ పరిగెత్తించండి. ఇప్పుడు కదలకపోతే పెద్దయ్యాక కష్టం" అన్నారు డాక్టరుగారు.

"రోజూ ఆడుతూనే ఉందిగా" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

"ఓసారి వచ్చి చూడండి సార్" అంటూ టీచర్ నన్ను బయటికి తీసుకెళ్లారు.

పిల్లలు నేలా బండా ఆడుతున్నారు. వరండా బండ, కింద మట్టి నేల. నేల మీదికి దిగినవాళ్లని దొంగ ముట్టుకుంటే, ఇక వాళ్లే దొంగ. సంహిత నేల మీద తాపీగా నిలబడి ఉంది. దొంగగా ఉన్న అక్షయ పక్కనుంచే పోయింది, ముట్టుకోలేదు.

"దాన్నెందుకు వదిలేశావే?" అనడిగాను.

"అది ఆటలో అరటిపండు సార్. పరిగెత్తలేదు కదా పాపం. మీరే చెప్పారుగా, ముట్టుకుని ఏడిపించొద్దని."

అవును, నేనే చెప్పాను. నిరుడు పిల్లలు వెక్కిరిస్తే సంహిత ఏడ్చింది. ఆటలో ఉన్నట్టూ ఉంటుంది, ఔటయ్యే బాధా ఉండదని పెద్ద తెలివిగా ఆ తీర్పిచ్చాను. ఏడాదిగా ఆ పిల్లని ఎవరూ తరమలేదు. తరిమేవాళ్లు లేకపోతే ఎవరు మాత్రం ఎందుకు పరిగెత్తుతారు? నాకు సిగ్గేసింది.

టీచర్ కొంగు నడుముకి దోపి నేల మీదికి దిగారు. "ఇవాళ్టినుంచి అరటిపండ్లు లేవు. నన్ను ముట్టుకుంటే నేనే దొంగ, సంహితని ముట్టుకుంటే సంహితే దొంగ."

"సంహిత ఇంటికెళ్లి చెప్తేనో?" అంది అక్షయ.

"వాళ్లమ్మతో నే మాట్లాడతాలే" అన్నారు టీచర్.

అక్షయ మొహమాటపడుతూనే వెళ్లి సంహిత భుజం ముట్టుకుంది. సంహిత కదల్లేదు. మళ్లీ ఏడుస్తుందేమోనని నాకు భయమేసింది.

"నేను దొంగనా టీచర్? నిజంగానా?"

"నిజంగానే. రా, పట్టుకో."

ఆ పిల్ల మొహం విప్పారింది. చెప్పులు విదిలించి పారేసి, టీచర్ వెనక పరుగందుకుంది. రొప్పుతోంది, నవ్వుతోంది, ఆగడం లేదు. గంట కొట్టబోతున్న అటెండర్ సాంబయ్యని కాసేపు ఆగమన్నాను.