చూసే వయసు

మా వీధి చివర బాలవాడి నడిపిన టీచరమ్మ పోయిన వారం కన్నుమూసింది. చర్చి నుంచి వస్తున్నవాళ్ళు చెప్పారు, నిద్రలోనే పోయిందట. ఏడుపొచ్చిన మాట నిజమే. కానీ ఆమెను తలుచుకుంటే ముందు నవ్వే వస్తోంది, ఏం చేయను?

ఆమె తండ్రి బంగారు గనిలో పనిచేసిన రోజుల్లో కంపెనీ ఇచ్చిన రేకుల ఇల్లు. ఆ వరండాయే బడి, ముందు కాస్త జాగాలో ఇసుక. కేజీఎఫ్‌లో మన్నుకేం కరువు, గని దిబ్బలు కొండలంత ఉన్నాయి! సైనైడు కలిసిన ఆ మన్ను మాత్రం పిల్లల చేతికి తగలనిచ్చేది కాదు. బూదికోట వైపు నుంచి ఇసుక తెప్పించి, జల్లెడ పట్టి, సాయంత్రం పిల్లులు పాడు చేయకుండా గోనెపట్టా కప్పేది.

పిల్లల వయసు ఆమె ఏళ్ళలో చెప్పేది కాదు. వీడిది పారబోసే వయసు, దీనిది వంట వయసు, ఆ ఇద్దరిదీ కొట్లాట వయసు అనేది. పారబోసేవాడికి డబ్బాలు, వంటవాళ్ళకు కొబ్బరిచిప్పలు. కొట్లాటవాళ్ళకు మాత్రం ఇద్దరూ పట్టుకుంటే తప్ప లేవని పెద్ద బకెట్టు ఇచ్చేది. శ్రీనివాసపురం మామిడిపండ్లు వచ్చే రోజుల్లో ఖాళీ పెట్టెలతో వరండా అంతా అంగడే.

మూడున్నరేళ్ళప్పుడు మా అమ్మాయి ఏ ఆటలోకీ వెళ్ళేది కాదు. ఇంట్లో వాగుడుకాయ, అక్కడ స్తంభం పట్టుకుని నోరు విప్పకుండా చూస్తూ నిలబడేది. మా అత్త రోజూ పక్కింటి పిల్లతో పోల్చేది. ఇది ఎప్పటికీ ఇలా ఒంటరిగానే ఉండిపోతుందేమోనని నాకు దిగులు పట్టుకుంది. పిలిచి కూర్చోబెట్టమని టీచరమ్మ ప్రాణం తీశాను.

"పిలిస్తే రాదమ్మా. చూసేది గూడా ఆటే. దానికి ఇది చూసే వయసు. నీకేమో తొందర వయసు వచ్చిండాది," అని నవ్వింది.

ఆ తర్వాత రోజూ స్తంభానికి దగ్గరగా కూర్చుని, పాదం మీద తడి ఇసుక పోసి పిచ్చుకగూడు కట్టేది. మా అమ్మాయి వైపు చూసేది కూడా కాదు. కాలు తీయగానే గూడు కూలిపోయేది. మళ్ళీ కట్టేది. దూరం నుంచి చూస్తున్న నాకు ఒళ్ళు మండేది. ఇంత వయసొచ్చి ఒక గూడు కట్టడం రాదా ఈమెకు!

వానలు మొదలైన ఒక పొద్దున మా అమ్మాయి ఇంక ఓర్చుకోలేక వచ్చి ఆ పాదం పక్కన కూలబడింది.

"ఇట్ల కాదు టీచరమ్మా. గట్టిగా తట్టల్ల."

"అవునా? నాకు తెలీదే. నువ్వే నేర్పియ్యి."

ఆ రోజు దాన్ని ఇసుకలోంచి లేపి ఇంటికి తెచ్చుకోవడానికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఇప్పుడు అది ఏడో తరగతి. నిన్న టీచరమ్మ కోడలు మళ్ళీ బాలవాడి తెరిస్తే, పలకరించడానికి ఇద్దరం వెళ్ళాం. కొత్తగా చేరిన పిల్లాడొకడు అదే స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేం మాటల్లో ఉండగానే మా అమ్మాయి వెళ్ళి ఇసుకలో కూర్చుంది, వాడి వైపు చూడకుండా. గూడు ఎంత గట్టిగా తట్టాలో తెలిసిన పిల్ల, మెత్తగా రెండు తట్లు తట్టి కాలు లాగేసింది. గూడు కూలింది. మళ్ళీ పాదం మీద ఇసుక పోసుకుంది.

వాడు స్తంభం వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు.