పేరు లేని మాత్రలు

ఇస్త్రీ అక్క రోజూ పొద్దున్నే స్నానం చేసి, బీరువా తలుపు లోపల అంటించుకున్న దేవుడి పటానికి దణ్ణం పెట్టి, సీసాలోంచి ఒక మాత్ర అరచేతిలో వేసుకునేది. "స్వామీ, దీన్ని లోపలికి పంపిస్తున్నాను. మిగతాది నువ్వు చూసుకో" అని గుటుక్కున మింగేది. రాత్రికి మరొకటి. ఆ మాత్రల పుణ్యాన మూర్ఛ ఆమె ఛాయలకు రావడం మానేసి ఎనిమిదేళ్లయింది. పరాయి దేశంలో హోటలు దుప్పట్లకు ఇస్త్రీ చేసే పని ఆమెది. నిప్పులా కాలే యంత్రం ముందు తూలిపడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

ఒక శుక్రవారం చూసుకుంటే సీసాలో రెండే మిగిలాయి. ఇంటి నుంచి మందులు తేవలసిన మనిషి ప్రయాణం వాయిదా పడింది. దుప్పట్లు చేరవేసే వ్యాన్ బాబాయి మన తెలుగువాడే. విషయం విని, అక్కను మందుల షాపుకు తీసుకెళ్లాడు.

"మాత్రల పేరేమిటని షాపావిడ అడుగుతోందమ్మా" అన్నాడు బాబాయి.

"తెల్లగా, గుండ్రంగా, మధ్యలో గీత ఉంటుంది బాబాయ్."

షాపావిడ నవ్వాపుకుంటూ వెనకున్న అరలన్నిటినీ చేత్తో చూపించింది. సగం మందులు తెల్లగా గుండ్రంగానే ఉంటాయి మరి.

అక్క ఇంటి నుంచి ఇక్కడికి బయల్దేరిన రోజు పెట్టె మూత పడలేదు. వదిన దానిమీదెక్కి కూర్చున్నా పడలేదు. ఆఖరికి మాత్రలన్నీ పేరు అచ్చేసిన అట్టల్లోంచి ఒలిచి, చిక్కుడు గింజల్లా సీసాలో పోసేసింది. ఎంత చోటు కలిసొచ్చిందోనని ఇద్దరూ మురిసిపోయారు కూడా.

ఇప్పుడు షాపులోంచే అక్క వదినకు వీడియో కాల్ చేసింది.

"అయ్యో, నా మతి మండా! ఉండు, మెడికల్ షాపాయన్ని పట్టుకుంటా."

ఇక ఫోన్లో ఆకాశం, వదిన ముక్కు, ఓ గేదె, మళ్లీ ముక్కు. ఊళ్లో ఆయన షాపు మూసి ఉంది. వదిన ఆయనింటికే పరిగెత్తింది. ఆయన అన్నం ముందునుంచి ఎంగిలి చేత్తోనే లేచి వచ్చాడు.

"మన ఇస్త్రీ అమ్మాయా! రాసుకోమను తల్లీ" అంటూ మందు పేరు ఒక్కో ఇంగ్లీషు అక్షరమే అరిచాడు. ఇక్కడ అక్క వెనక వరుసలో నిలబడ్డ ముసలావిడ, ఎవరూ అడక్కుండానే, ప్రతి అక్షరాన్నీ ఆయనకంటే గట్టిగా షాపావిడకు అందించింది. చివరి అక్షరం పడగానే షాపంతా చప్పట్లు! ఆ ముసలావిడను దేవుడే అక్కడ నిలబెట్టాడని అక్క ఇప్పటికీ అంటుంది.

డాక్టరు చీటీ లేనిదే మందివ్వకూడదట. షాపావిడే పక్క వీధి క్లినిక్‌కు ఫోన్ చేసి, అప్పటికప్పుడు చూసేలా ఒప్పించింది. మెడికల్ షాపాయన దగ్గరున్న పాత చీటీకి వదిన ఫొటో తీసి పంపింది. డాక్టరు అది చూసి, అక్కను నాలుగు ప్రశ్నలడిగి, మూడు నెలలకు సరిపడా రాసిచ్చాడు.

వ్యాన్‌లో అక్క అట్టలన్నీ ఒళ్లో పరుచుకుని, పేరు చదువుతూ పగలబడి నవ్వింది. బాబాయికీ నవ్వాగలేదు.

"ఇంత జబ్బు పెట్టుకుని ఒక్కసారన్నా చెప్పలేదేమ్మా?"

"పనిలోంచి తీసేస్తారని భయం బాబాయ్." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఒక్క సాయం చేస్తారా?"

"అడుగు తల్లీ."

"నేనెప్పుడైనా పడిపోతే, మనవాళ్లలాగా చేతిలో తాళాలు కుక్కకండి. ఒక పక్కకి తిప్పి, తలకింద దుప్పటి పెట్టండి. మనకి దుప్పట్లకేం కొదవ! తెలివొచ్చేదాకా పక్కనే కూర్చోండి, చాలు."